తెల్లబండ మీద తియ్యని ఉండ

అనగనగా ఒక అడవిలో, కొండ వాలులో, సున్నం కొట్టిన గోడలాంటి తెల్లబండ ఒకటి ఉండేది. పొద్దు వాలే వేళకు ఎర్రటి ఎండ సూటిగా వచ్చి ఆ బండ మీద పడేది. ఆ ఎండకు అడ్డంగా కొండముచ్చు వాలయ్య కూర్చుని చేతులు కదిపితే చాలు, బండ మీద నీడలు లేచి ఆడేవి. రెండు వేళ్లు చాపితే కుందేలు. మోచెయ్యి వంచితే పాము. తోక ఊపితే పారే ఏరు. వాలయ్య నోటితో కథ చెబుతూ, చేతులతో ఆడించేవాడు.

సాయంత్రమయ్యేసరికి అడవంతా అక్కడే ఉండేది. పిల్లలు ముందు, తల్లులు వెనక, ముసలివాళ్లు చెట్ల మొదట్లో. ఆట సాగినంతసేపూ ఎవరూ ఎవరినీ వేటాడకూడదని ఒక కట్టుబాటు ఉంది. దానికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది.

"తెల్లబండ మీద నీడ అబద్ధం ఆడదు."

పిల్లలు కళ్లు తెరిచిన నాటి నుంచీ ప్రతి తల్లీ ఈ మాట నేర్పేది. ఎందుకంటే వాళ్లకు బడి అదే. ఏ కాయ తింటే ప్రాణం పోతుందో, ఏ చప్పుడుకు పరుగెత్తాలో, వల ఎలా ఉంటుందో, అన్నీ నీడలే చూపించేవి. ఒక ఏడు వేటగాళ్లు నిజంగానే వల పన్నారు. నీడలో వలను చూసిన పిల్లలు ఒక్కరు కూడా దాని దరికి పోలేదు. నమ్మకం వాళ్లను బతికించింది.

ఆ అడవిలోనే కంపమ్మ అనే ఏదుపంది ఉండేది. ఒళ్లంతా ముళ్లు, మనసంతా భయం. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడి పేరు బుడిపె. వాడి ముళ్లు ఇంకా ముదరలేదు. గడ్డిపరకల్లా మెత్తగా ఉండేవి. కంపమ్మ భయమంతా ఆ మెత్తని ముళ్ల గురించే.

రోజూ పొద్దున్నే వాడికి ఒకటే పాఠం. ఆమె కాలితో నేలను టక్కున కొట్టేది. వాడు వెంటనే వెనక్కి తిరిగి, చప్పుడు వచ్చిన వైపు వీపు పెట్టి, ముళ్లు విప్పాలి.

"రోజూ ఇదేనా అమ్మా? విసుగొస్తోంది," అనేవాడు బుడిపె.

"మనకు పరుగు రాదు నాయనా. చెట్టెక్కడం రాదు. దేవుడు మనకిచ్చింది వీపొక్కటే. చప్పుడు వినగానే తిరిగావా, బతికావు. ఆలస్యం చేశావా, ఇక నేనుండీ లాభం లేదు. ఇంకో మాట గుర్తుంది కదా?"

"ఆఁ, గుర్తుంది. మన బొరియకు వెనక గుమ్మం ఎక్కడుందో ఎవరికీ చెప్పకూడదు."

"ఎవరికీ అంటే?"

"ఎవ్వరికీ!"

అప్పటికి గాని ఆమె వాడి మూతి తుడిచి దుంప చేతికిచ్చేది కాదు.

ఆటకు వచ్చేవాళ్లు తలా ఒక పండో, దుంపో తెచ్చి వాలయ్య ముందు పెట్టి కూర్చోవడం ఆనవాయితీ. అదే అతని కూడు. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కొమ్మల మీద కాయలు కాయలుగానే రాలిపోయాయి. దాంతో ఒకరు వట్టి చేతులతో వచ్చారు. వాళ్లను చూసి ఇంకొకరు వచ్చారు. 'నేనొక్కదాన్ని తేకపోతే ఏమైందిలే' అని అందరూ అనుకున్నారు. కంపమ్మ కూడా అలాగే అనుకుంది. చివరికి వాలయ్య ముందు వట్టి నేల మిగిలింది. ఆకలికి అతని చేతులు వణికాయి. బండ మీద పాము కూడా వణికింది.

అది చూసి ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వింది పునుగుపిల్లి గంధయ్య.

గంధయ్య అంటే అడవిలో ఎవరికీ చెడ్డ అభిప్రాయం లేదు. వాడు వస్తుంటే ముందు మంచి వాసన వచ్చేది. పళ్లు తింటాడు, మెత్తగా మాట్లాడతాడు, దారిలో కనిపించిన ప్రతి పిల్లనూ "ఏం నాయనా, బాగున్నావా?" అని పలకరిస్తాడు. పళ్లు దొరకని రోజుల్లో వాడేం తింటాడో అడగాలని ఎవరికీ తోచలేదు.

"ఏం వాలయ్య బావా, నీ పాముకు చలిజ్వరం వచ్చినట్టుందే?" అన్నాడు గంధయ్య.

"జ్వరం కాదు గంధయ్యా, ఆకలి."

"అయ్యో, ఆ మాట ముందే చెప్పొద్దూ! ఇవాళ్టి నుంచి నీ తిండి నాది. కడుపు నిండా పెడతాను. నాకు నువ్వు ఇవ్వాల్సిందేమీ లేదు. కథ మధ్యలో ఒక్క చిన్న మాట చెప్పుకోనివ్వు. ఊపిరి పీల్చుకునేంత సేపు. అంతే."

వాలయ్య తలగోక్కున్నాడు. అడవికి పెద్ద, కొమ్ముల దుప్పి అయిన కొమ్మయ్య వంక చూశాడు.

"ఆట ఆగకుండా ఉంటుంది, మనం ఏమీ తేనక్కర్లేదు. ఇందులో మనకు పోయేదేముంది?" అన్నాడు కొమ్మయ్య.

అందరూ తలలూపారు. తాను తేవలసిన దుంప మిగిలిందనుకుని కంపమ్మ కూడా ఊపింది.

మర్నాడు సాయంత్రం నుంచి వీరముంగిస కథ. ఆ ముంగిసంటే పిల్లలకు ప్రాణం. బండ మీద నల్లతాచు పడగ విప్పింది. ముంగిస ఒక్కటే ఎదురుగా నిలబడింది. పాము బుస్సుమంది. పిల్లల నోళ్లు తెరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడు వాలయ్య చేతులు ఆగిపోయాయి. కమ్మని వాసన వచ్చింది. గంధయ్య ముందుకు వచ్చాడు.

"పిల్లలూ! ముంగిసకు అంత బలం ఎక్కడిదో తెలుసా? ఏటి అవతల నా దగ్గర ఇప్పపూల ఉండలున్నాయి. పుట్టతేనెలో ఊరినవి. ఏదీ, నాతో పాటు పాడండి!

ఉండ ఉండ తియ్యనుండ
గంధం మామ కమ్మనుండ
తిన్నవాడే వీరుడంట
తిననివాడు పిరికంట!"

పిల్లలందరూ ఒక్క గొంతుతో పాడారు. తర్వాత పాము చచ్చింది, ముంగిస గెలిచింది, ఎండ పోయింది. పెద్దవాళ్లు నవ్వుకుంటూ ఇళ్లకు బయలుదేరారు.

కంపమ్మ నవ్వలేదు. ఆమె పామును చూడలేదు, ముంగిసనూ చూడలేదు. కొడుకు మొహమే చూస్తూ కూర్చుంది. పాము బుసకొట్టినప్పుడు వాడి కళ్లు ఎంత పెద్దవయ్యాయో, గంధయ్య ఉండ గురించి చెప్పినప్పుడు కూడా అంతే పెద్దవయ్యాయి. కథ ఎక్కడ ఆగిందో, బేరం ఎక్కడ మొదలైందో వాడికి తెలియలేదు. వాడికి రెండూ ఒకటే. రెండూ తెల్లబండ మీద మాటే.

ఆమె వెన్ను మీద ముళ్లు వాటంతటవే లేచాయి.

ఆ మర్నాటి నుంచి బుడిపె దుంపలు ముట్టలేదు.

"ఇవి పిరికివాళ్లు తినేవి. నాకు ఉండ కావాలి."

"నోరు ముయ్. తిను."

"కుందేళ్ల పత్తి ఏటి అవతలికి వెళ్లి తిన్నది. అది నన్ను పిరికి అని ఏడిపిస్తోంది. అందరూ అంటున్నారు, పిరికి బుడిపె, పిరికి బుడిపె అని!"

పత్తి పక్క పొదలో ఉండే కుందేలు దూదక్క కూతురు. దూది ఉండలా ఉండేది. మాట కింద పడనిచ్చేది కాదు.

రెండో సాయంత్రం గంధయ్య మాట్లాడనే లేదు. పక్కన నిలబడి చిన్నగా సైగ చేశాడు. బండ మీద ముంగిస ఇంకో పాముతో పోరాడి పోరాడి సొమ్మసిల్లి పడిపోయింది. పిల్లలు ఏడవబోయారు. అంతలో ముంగిస నీడ చెయ్యి చాపి, ఒక ఉండ నోట్లో వేసుకుంది. లేచి నిలబడింది. పామును రెండు ముక్కలు చేసింది. పిల్లలు కేకలు పెట్టారు. గంధయ్య గంప దింపి ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఉండ పంచాడు.

కంపమ్మ జనాన్ని తోసుకుని వచ్చేసరికే బుడిపె మూతి తేనెతో తడిసిపోయింది.

ఆమె వాలయ్య దగ్గరకు వెళ్లింది.

"ఏమయ్యా వాలయ్యా! ఆ చెయ్యి వీరముంగిసది. మా పిల్లలకు వల చూపించిన చెయ్యి అది. ఆ చేత్తో గంధయ్య ఉండ తినిపిస్తావా?"

వాలయ్య తల వంచుకున్నాడు. "ఆడించే చేతికి ముద్ద దిగాలి కదమ్మా. మీరెవరూ పెట్టకపోతిరి."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది.

దూదక్క వెనక నుంచి నవ్వింది. "కంపమ్మొదినా, నీకు ఆకు కదిలినా భయమే. ఉండ తిన్నాక మా పత్తి ఎంత బుద్ధిగా నిద్రపోతోందో తెలుసా? పగలంతా నా చెవులు పట్టుకు లాగే పిల్ల! నాకు ప్రాణం తెరిపిన పడింది."

"అదే నా భయం దూదక్కా. పిల్లలు అలా ఎందుకు నిద్రపోతున్నారు?"

"పోనీలే వదినా. నిద్రపోతే కూడా తప్పేనా?"

మర్నాటి పొద్దున కంపమ్మ కాలితో నేలను టక్కున కొట్టింది. బుడిపె తిరగలేదు. మళ్లీ కొట్టింది. వాడు మత్తుగా కళ్లెత్తి, "ఏంటమ్మా?" అన్నాడు. మూడోసారి కొడితే మెల్లగా తిరిగాడు. ఆ తిరిగేలోపు పిల్లి వచ్చి పోవచ్చు, తోడేలు వచ్చి పోవచ్చు. ఆ మత్తు ఎక్కడిదో కంపమ్మకు అర్థమైంది. ఊరిన ఇప్పపూలు పెద్దవాళ్లనే తూలిస్తాయి. పసివాళ్ల సంగతి చెప్పాలా?

"ఇవాళ ఆటకు వెళ్లొద్దు," అంది.

వాడు ఏడ్చాడు. నేల మీద పడి దొర్లాడు. "అందరూ వెళ్తారు, నేనొక్కడినే వెళ్లనా! వీరముంగిస కథ ఇవాళ్టితో అయిపోతుంది!" అని గుక్క పట్టాడు. సాయంత్రానికి ఆమె మనసు కరిగింది. తీసుకెళ్లింది. అక్కడే తప్పు చేసింది.

వెళ్తూనే బుడిపెను పత్తి పక్కన కూర్చోబెట్టి, చెట్టు మొదట్లో ఉన్న కొమ్మయ్య దగ్గరకు పరుగెత్తింది.

"పెద్దయ్యా, ఈ బేరం ఆపించు. పసివాళ్లకు కథేదో, అమ్మకమేదో తెలియదు."

"తెలియకపోతే నువ్వు చెప్పుకో. నీ పిల్లవాడు, నీ బాధ్యత. వాడికి నచ్చకపోతే చెవులు మూసుకోమను."

"నచ్చకపోతే మూసుకుంటాడు పెద్దయ్యా. నచ్చేట్టు గంధయ్య చెబుతున్నాడనే కదా నా ఏడుపు! 'నీడ అబద్ధం ఆడదు' అని మనమే నేర్పాం. ఇప్పుడు ఆ నీడనే వాడికి అప్పగించాం. పిల్లవాడు ఎవరిని నమ్మొద్దని చెప్పను? నన్నా, బండనా?"

కొమ్మయ్య ఆవలించాడు. "రేపు పొద్దెక్కాక నలుగురినీ పిలిచి మాట్లాడదాంలే."

వాళ్లు ఇలా మాట్లాడుకుంటూ ఉండగానే అటు బండ మీద ముంగిస నీడ పిల్లల వైపు తిరిగింది. ఇన్నాళ్లలో అది ఎప్పుడూ అలా తిరగలేదు. నీడ మాట్లాడుతున్నట్టు గొంతు వినిపించింది. అది గంధయ్య గొంతు. వెనక తల్లులు కబుర్లలో పడ్డారు, చెట్టు దగ్గర ఉన్నవాళ్లకు మాట వినపడలేదు.

"పిల్లలూ, మీరంటే నాకెంతో ఇష్టం. రేపు తెల్లవారగానే ఉండలు మీ ఇంటికే వస్తాయి. పెద్ద గుమ్మం నుంచి తెస్తే అమ్మ లాక్కుంటుంది కదూ? మీ ఇంటికి వెనక దారి ఎక్కడుందో నా చెవిలో చెప్పండి. మనిద్దరికే తెలిసిన రహస్యం!"

పిల్లలు నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వరుస కట్టారు. ఒక్కొక్కరే బండకు మూతి ఆనించి గుసగుసలాడారు. బండ అంచున చెవి రిక్కించి గంధయ్య కూర్చున్నాడు.

కంపమ్మ తిరిగి వచ్చేసరికి ఎండ పోయింది. నీడలు లేవు. బుడిపె చేతిలో మరో ఉండ సగం తినేసి ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఎందుకు నవ్వుతున్నావురా?"

"రహస్యం!"

దారి పొడుగునా అడిగింది. బొరియలోకి వచ్చాక భుజాలు పట్టుకుని కుదిపింది. అప్పుడు చెప్పాడు.

"వెనక గుమ్మం చెప్పావా? ఎవరికీ చెప్పొద్దన్నానా లేదా?"

"ఎవరికీ చెప్పలేదమ్మా. నీడకు చెప్పాను. నీడ అబద్ధం ఆడదు కదా. నువ్వే అన్నావు."

కంపమ్మ దబదబా వెనక గుమ్మానికి రాళ్లు దొర్లించింది, మట్టి ఎగదోసింది. దూదక్కకు చెప్పి రావాలని రెండుసార్లు లేచింది. మత్తులో సోలిపోయిన కొడుకును ఒంటరిగా వదలలేక రెండుసార్లూ కూర్చుండిపోయింది. 'తెల్లవారగానే చెబుతాను' అనుకుంది. గుమ్మానికి వీపు పెట్టి, కన్ను మూయకుండా ఉంది.

తూరుపు తెల్లబడుతుండగా కమ్మని వాసన వచ్చింది.

ముందు సన్నగా వచ్చింది. తర్వాత దట్టంగా వచ్చి బొరియంతా నిండిపోయింది. బయట నుంచి మెత్తగా పాట వినిపించింది.

"ఉండ ఉండ తియ్యనుండ... బుడిపె బాబూ! నేను వీరముంగిసను. మాటిచ్చాను కదా, వచ్చాను. ఈ రాళ్లెవరు పెట్టారు నాయనా?"

బుడిపె లేచాడు. కళ్లు సగమే తెరుచుకున్నాయి. తూలుతూ గుమ్మం వైపు నడిచాడు.

కంపమ్మ నేలను టక్కున కొట్టింది. వాడు ఆగలేదు.

మళ్లీ కొట్టింది. వాడు నవ్వుతూ చేతులు చాపాడు.

మూడోసారి బలమంతా కూడదీసి కొట్టింది. వాడు తిరగలేదు. ఇన్నాళ్ల పాఠం ఆ వాసనలో కరిగిపోయింది.

ఒక రాయి కదిలి లోపలికి దొర్లింది. సందులోంచి ఒక పంజా వచ్చింది. గోళ్లు విప్పుకుంటూ, తడుముకుంటూ, సరిగ్గా బుడిపె మెడ దగ్గరకు వచ్చింది.

కంపమ్మ కొడుకును ఒక్క తోపు తోసింది. ఉన్న ముళ్లన్నీ విప్పి వెనక్కి దూకింది. బయట ప్రాణం పోతున్నట్టు అరుపు వినిపించింది. పంజా నిండా ముళ్లు దిగాయి. అది గిలగిలా కొట్టుకుని వెనక్కి పోయింది. అయితే అది పోయే ముందు కంపమ్మ తల తిప్పి చూసింది. ఆ గోళ్ల మధ్య తెల్లటి దూదిపింజలాంటి బొచ్చు ఇరుక్కుని ఉంది.

గంధయ్య ఇక్కడికి రాకముందు ఎక్కడికి వెళ్లాడో ఆమెకు అర్థమైంది.

కాసేపటికి పక్క పొదలోంచి కేక వినిపించింది. "పత్తీ! ఓ పత్తీ! పొద్దున్నే ఎక్కడికి పోయావే తల్లీ!"

కంపమ్మ బయటకు వెళ్లలేకపోయింది. కొడుకును కడుపులో దాచుకుని అలాగే కూర్చుంది.

కుంటుకుంటూ కొండ దాటిపోయిన గంధయ్య మళ్లీ కనిపించలేదు. కొమ్మయ్య తన మంద మొత్తాన్ని పంపి వెతికించాడు. ఏం లాభం? ఆ వెతికే కాళ్లు ముందురోజు సాయంత్రం కదిలి ఉంటే పత్తి బతికేది.

ఆ రోజు తెల్లబండ దగ్గర ఆట లేదు. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. వాలయ్య తన చేతులను తానే బండకు కొట్టుకున్నాడు.

"గంధయ్య ఇంత దుర్మార్గుడని నాకు తెలియదు దూదక్కా. నేనూ మోసపోయాను!"

దూదక్క కళ్లల్లో అప్పటికి నీళ్లు కూడా అయిపోయాయి. మెల్లగా అంది.

"మా పత్తి గంధయ్యను నమ్మలేదయ్యా. నిన్ను నమ్మింది."

కంపమ్మ లేచి, తెచ్చిన దుంపను వాలయ్య ముందు పెట్టింది. బుడిపెకు సగం కడుపే నింపి తెచ్చిన దుంప అది. ఆమెను చూసి ఇంకొకరు లేచారు. తర్వాత ఇంకొకరు లేచారు.

"ఆకలైతే మమ్మల్ని అడుగు," అంది కంపమ్మ. "మేము పెట్టకపోతే ఆట ఆపెయ్. ఆట లేని సాయంత్రాన్ని మేము భరిస్తాం. పిల్లలు కూర్చున్న చోట మాత్రం బేరం మాట రానివ్వకు."

కొమ్మయ్య లేచి అదే కట్టుబాటు చేశాడు. ఇప్పటికీ ఆ అడవిలో అది సాగుతోంది.

కానీ పోయినవన్నీ తిరిగి రాలేదు. కొన్నాళ్లకు ఆట మళ్లీ మొదలైంది. వాలయ్య చేతులు చాపాడు. బండ మీద ఏరు పొంగింది, వరద వస్తోందని నీడలు చెప్పాయి. ఒకప్పుడు ఆ నీడ చూస్తే పిల్లలు లేచి గట్టుకు పరుగెత్తేవారు. ఇప్పుడు ఒక్కరూ కదల్లేదు. అందరూ తల్లుల వైపు తిరిగి చూశారు. ముందు వరుసలో పత్తి కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

బుడిపె తల్లి కాలు గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మా, ఇది కథేనా? లేక మళ్లీ ఎవరైనా వస్తారా?"

'నీడ అబద్ధం ఆడదు' అనే మాట కంపమ్మ నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయింది. ఇంకెప్పటికీ చెప్పలేదు కూడా. వాడిని ముళ్లు లేని తన పొట్ట వైపుకు జరుపుకుని, "నేను పక్కనే ఉన్నాను, ఇద్దరం చూద్దాం," అంది.

నీతి: ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే చోట, అది తెల్లబండ అయినా మన ఇంట్లో టీవీ అయినా, పిల్లల ముందు అమ్మకం మాటకు చోటివ్వకూడదు, కథకూ బేరానికీ తేడా తెలియని పసివాళ్ల నమ్మకాన్ని కాపాడటం పెద్దల పని.